ప్లాను గీయించే ముందు పాత గోడను విప్పి చూడాలి

మీరు రాసిన వివరాలను బట్టి నాకు అర్థమైనది ఇది. మీది తాతల నాడు కట్టిన రెండంతస్తుల ఇల్లు. గోడలు ఇటుకతో, సున్నంతో కట్టినవి. పై అంతస్తు, దాని మీది మిద్దె కలప దూలాల మీద నిలిచి ఉన్నాయి. ఆర్కిటెక్ట్ గారు మూడు వారాల్లోనే ప్లాను, కంప్యూటర్ బొమ్మలు గీసి ఇచ్చారు, అవి మీకు నచ్చాయి కూడా. తీరా పని మొదలుపెట్టి పాత పూత రాల్చేసరికి గోడల్లో చెమ్మ, పుచ్చిపోయిన దూలాల కొసలు, ఎప్పుడో ఇటుకలు పేర్చి మూసేసిన ఒక తలుపు సందు బయటపడ్డాయి. ఖర్చు మూడో వంతు పెరుగుతుందని కాంట్రాక్టర్ అంటున్నారు. అవన్నీ తన డ్రాయింగుల పరిధిలోకి రావని ఆర్కిటెక్ట్ అంటున్నారు. ఆయనను మార్చేయాలా, లేక అనుభవం ఉన్న మేస్త్రీని పెట్టుకొని మీరే చేయించుకోవాలా అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా పాత ఇళ్ల మరమ్మతు పనుల్లో సైట్ ఇంజనీరుగా ఉన్నాను. కొన్నిచోట్ల ఆర్కిటెక్ట్ తరఫున, కొన్నిచోట్ల ఇంటి యజమాని తరఫున పనిచేశాను కాబట్టి ఇరువైపుల ఇబ్బందులూ తెలుసు. నా సలహా ముందే చెబుతాను: ఆర్కిటెక్ట్‌ను ఇప్పుడే మార్చవద్దు, పనిని మాత్రం మూడు నాలుగు వారాలు ఆపించండి. మీ ఇంట్లో పని వరుస తలకిందులైంది. ఇంటి స్థితి ఏమిటో తెలియకముందే దానికి ప్లాను గీశారు. ఖాళీ స్థలంలో కట్టే కొత్త ఇంటికి ప్లానే మొదలు, ఎందుకంటే అక్కడ ఉన్నదంతా ఆర్కిటెక్ట్ ఊహలోంచి వచ్చేదే. పాత ఇంట్లో నాలుగు వంతుల్లో మూడు వంతులు ముందే కట్టి ఉంటుంది, అందులో సగం కంటికి కనబడదు. కనబడని ఆ సగాన్ని బయటపెట్టకుండా గీసిన గీత ఎంత అందంగా ఉన్నా అది అంచనా మాత్రమే.

బ్రిటన్‌లోని ఆర్కిటెక్టుల సంస్థ రీబా 1963 నుంచి తన సభ్యుల కోసం పనిదశల క్రమం ఒకటి ప్రచురిస్తోంది. 2020లో సవరించిన రూపంలో దానికి 0 నుంచి 7 వరకు ఎనిమిది దశలున్నాయి, అందులో డిజైన్ మొదలయ్యేది 2వ దశలో. మొదటి రెండు దశలూ అవసరాలు తేల్చుకోవడానికి, స్థలాన్నీ ఉన్న కట్టడాన్నీ పరిశీలించడానికి. ఏ దేశంలో పనిచేసే ఆర్కిటెక్ట్‌కైనా ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అయితే ఆ రెండు దశలకూ విడిగా ఫీజు ఇవ్వడానికి యజమానులు ఇష్టపడరు, బొమ్మ కనబడితే తప్ప పని జరిగినట్టు అనిపించదు. ఆర్కిటెక్ట్ కూడా ఆ ఒత్తిడికి లొంగి నేరుగా బొమ్మల్లోకి దిగుతారు. మీ విషయంలో ఇదే జరిగి ఉంటుందని నా నమ్మకం.

పరిశీలనలో మొదటిది కొలతలు. పాత ఇంట్లో గది నాలుగు మూలలూ సరిగ్గా లంబంగా ఉంటాయని అనుకోవద్దు. గది పొడవు వెడల్పులతో పాటు ఒక మూల నుంచి ఎదురు మూలకు రెండు ఐమూలలూ కొలిపించండి. ఎదురెదురు గోడలు సమానంగా ఉండి, ఈ రెండు ఐమూలలూ ఒకటే అయితేనే ఆ గది మూలలు లంబంగా ఉన్నట్టు. నేను చూసిన ఒక ఇంట్లో రెండు ఐమూలలకూ 11 సెంటీమీటర్ల తేడా వచ్చింది. ప్లానులో ఆ గదిని నిక్కచ్చి దీర్ఘచతురస్రంగా గీసి, ఆ గీత ప్రకారం వంటగది అలమరలు బయట తయారుచేయించి తెచ్చారు. చివరి అలమర ఒక కొసన గోడకు తగులుకుంది, రెండో కొసన మనిషి చెయ్యి పట్టేంత సందు మిగిలింది. గోడ మందం కూడా ప్రతి తలుపు, కిటికీ దగ్గరా విడివిడిగా కొలవాలి, ఎందుకంటే కింద 45 సెంటీమీటర్లున్న గోడ పై అంతస్తులో 35కు తగ్గవచ్చు, ఒకే గోడ మధ్యలో మారవచ్చు కూడా. ఇలా మారిన చోట సాధారణంగా ఒక కథ ఉంటుంది: తరువాత చేర్చిన గది, మూసిన తలుపు, పొగగూడు. మీకు బయటపడిన తలుపు సందును ఈ కొలతలు ముందే పట్టించి ఉండేవి.

ఇక చెమ్మ గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే పాత ఇళ్లకు అత్యధిక నష్టం చేసింది వయసు కన్నా తెలియక చేసిన మరమ్మతే. పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంట్ తీసుకున్నది 1824లో. మామూలు ఇళ్లలోకి అది విరివిగా రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది, అంతవరకు గోడ కట్టినా పూత పూసినా సున్నమే. సున్నపు అడుసు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెలల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది, గట్టిపడ్డాక కూడా ఇటుక కంటే మెత్తగానే ఉంటుంది. దానిలోని సన్నని రంధ్రాల గుండా గోడలోని తేమ బయటికి ఆరిపోతుంది. పునాదిలో తేమను ఆపే పొర లేని పాత గోడ నేలలోంచి నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది, కానీ పీల్చినంతా ఆరిపోతుంది కాబట్టి వందేళ్లు నిలుస్తుంది. ఆ గోడ మీద సిమెంట్ పూత వేస్తే ఆరే దారి మూసుకుపోతుంది. నీరు లోపలే నిలిచి, ఎటూ పోలేక ఇంకా పైకి ఎక్కుతుంది. నేలలోంచి నీటితో పాటు వచ్చిన లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా కట్టి, ఉబ్బి, ఇటుక ముఖాన్నే పొరలు పొరలుగా రాల్చేస్తాయి.

దీన్ని పరీక్షించడానికి యంత్రం అక్కరలేదు. నడుము ఎత్తు నుంచి కింది దాకా గోడను వేలి కణుపుతో తట్టుకుంటూ రండి. గట్టిగా అంటుకున్న పూత దగ్గర మొద్దు శబ్దం వస్తుంది, ఊడిన చోట ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగుతుంది. ఆరేళ్ల క్రితం ఒక ఇంట్లో అలా మోగిన చోట అరచేతి వెడల్పున సిమెంట్ పూత తీయించాను. పూత పలకలాగా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. దాని వెనుక ఇటుకల మధ్య సున్నం తడి ఇసుకలా వేళ్లకు రాలింది, పూత లోపలి ముఖం మీద తెల్లటి ఉప్పు నూగులా పట్టి ఉంది. ఆ పూత వేసి అప్పటికి నాలుగేళ్లే అయింది, దాని కింద ఉన్న సున్నం తొంభై ఏళ్లది. ఇల్లు బాగుపడాలనే ఆ యజమాని శక్తికి మించి ఖర్చుపెట్టి ఆ సిమెంట్ వేయించుకున్నారు. ఆ రోజు ఆయన ముఖం చూసినప్పటి బాధ వల్లనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి మీ కాంట్రాక్టర్ అంచనాలో ఆ చెమ్మ గోడలకు సిమెంట్ పూతగానీ, నీరు దిగని రంగుగానీ రాసి ఉంటే ముందు దాన్ని కొట్టివేయించండి. మొదట నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి: పగిలిన తూము, గోడ మొదట్లో నిలిచే వాననీరు, ఏళ్ల తరబడి మెరక చేస్తూ పోవడంతో ఇంటి లోపలి నేల కంటే ఎత్తైన బయటి నేల. ఆ కారణం తీసేశాక గోడను ఆరనివ్వాలి. ఒక అంగుళం మందానికి ఒక నెల అనేది పనివాళ్లలో వాడుకలో ఉన్న స్థూల లెక్క. అంటే మందపు గోడకు ఏడాది, ఏడాదిన్నర కూడా పట్టవచ్చు, కాబట్టి రంగుల తొందర పెట్టుకోవద్దు. కొత్త పూత కూడా సున్నంతోనే, పలుచని పొరలుగా, ఒక పొర గట్టిపడ్డాక మరొకటి వేయించాలి. తడి చోట్ల సున్నంలో మెత్తని ఇటుక పొడి కలిపితే త్వరగా పట్టు వస్తుంది. ఈ పని తెలిసిన చేతులు తగ్గిపోయాయి. మీ ఆర్కిటెక్ట్‌కు సున్నం పని చేయించిన అనుభవం ఉందా, చేయించి ఉంటే ఆ ఇంటికి తీసుకెళ్లి చూపించగలరా అని అడగడం మీ హక్కు.

దూలాల సంగతి. కలపలో తేమ సుమారు 20 శాతం లోపు ఉన్నంతకాలం బూజు జాతి దాన్ని తినలేదు, అందుకే పొడిగా ఉన్న దూలం తరాల తరబడి చెక్కుచెదరదు. పాడయ్యేది దాదాపు ఎప్పుడూ గోడలో దిగిన కొసే. దూలం మధ్యలో కాక, గోడను ఆనిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడాలి. మంచి కలపలో మొన నాలుగైదు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది, పుచ్చినదానిలో పిడి దాకా దిగిపోతుంది. కొస పుచ్చిందని దూలం మొత్తం మార్చనక్కర లేదు. పుచ్చిన భాగాన్ని కోసేసి మంచి కలపతో అతుకు వేయవచ్చు, లేదా ఇరుపక్కలా ఉక్కు పలకలు బిగించి గోడ మీదికి బరువు చేర్చవచ్చు. ఏది చేసినా గోడలో దిగిన కొస చుట్టూ గాలి ఆడేలా కాస్త ఖాళీ ఉంచాలి. ఆస్ట్రేలియాలో 1979లో బర్రా అనే ఊళ్లో కుదుర్చుకున్న వారసత్వ కట్టడాల నియమావళిలో ఎంత అవసరమో అంత మాత్రమే మార్చు, అదీ వీలైనంత తక్కువగా మార్చు అనే సూత్రం ఉంది. అది పెద్ద కట్టడాల కోసం రాసినదే అయినా మన ఇళ్లకూ, మన డబ్బుకూ అంతే మేలు చేస్తుంది.

పైకప్పు విషయంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇప్పటికి దాని మీద ఎన్ని పొరలున్నాయి? మిద్దె కారినప్పుడల్లా ఒక పొర కాంక్రీటు పోసుకుంటూ పోయిన ఇళ్లు చాలా చూశాను. రెండున్నర సెంటీమీటర్ల మందం కాంక్రీటు చదరపు మీటరుకు దాదాపు 60 కిలోలు తూగుతుంది. అలాంటి నాలుగు పొరలు కలిస్తే, 20 చదరపు మీటర్ల గది మీద 4,800 కిలోలు. దూలాలను అమర్చిన వడ్రంగి ఈ బరువును ఊహించలేదు. ఒక మూల చిన్న గుంత తవ్వి పొరలు లెక్కపెట్టాక గానీ పైన తోట, నీళ్ల ట్యాంకు వంటి ఆలోచనలు ప్లానులోకి రాకూడదు.

ఇప్పుడు మీ ప్లానులో అందరినీ ఆకట్టుకున్న మార్పు, అంటే హాలుకూ పక్క గదికీ మధ్య గోడ తీసేసి ఒకటే పెద్ద గది చేయడం. ఆ గోడ మీద పై అంతస్తులో మరో గోడ ఉంటే లెక్క ఇలా ఉంటుంది: 35 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల ఎత్తున్న ఇటుక గోడ ప్రతి మీటరు పొడవుకూ సుమారు రెండు టన్నులు. మీరు తీయదలచినది నాలుగు మీటర్లయితే ఎనిమిది టన్నులు, దానికి పై నేల, మిద్దెల బరువు అదనం. ఈ భారమంతా ఒక ఉక్కు దూలం మీదికి, దాని రెండు కొసల దగ్గర రెండు చిన్న చోట్ల మీదికి చేరుతుంది. ఆ కొసల కింద సున్నపు ఇటుక గోడ అంత ఒత్తిడిని ఓర్చుకుంటుందా, దాని కింద పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు అనేవి తేల్చవలసింది స్ట్రక్చరల్ ఇంజనీర్. ఆర్కిటెక్ట్ అది చేయలేకపోవడం లోపం కాదు, ఇంజనీర్ లేకుండా గీయడమే లోపం. ఇంజనీర్ సంతకం చేసిన లెక్కలు, తాత్కాలికంగా బరువు మోసే జాకీలు ఎక్కడ ఏ వరుసలో నిలపాలో చూపే డ్రాయింగ్ చేతికి రాకుండా ఆ గోడ మీద ఒక్క సుత్తి దెబ్బ కూడా పడనివ్వవద్దు. గోడ మొత్తం తీయకుండా రెండు పక్కలా మీటరు చొప్పున ఉంచి మధ్యలో వెడల్పాటి దారి తీయడం చాలాసార్లు సగం శ్రమతో అదే వెలుతురును ఇస్తుంది.

పగుళ్ల విషయంలో భయపడవలసింది పగులు ఉన్నందుకు కన్నా అది కదులుతున్నందుకు. పగులుకు అడ్డంగా బొట్టుబిళ్లంత ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మెత్తి, పక్కన తేదీ రాసి వదిలేయండి. అది చిట్లితే గోడ కదులుతోందని అర్థం. బంకమట్టి నేలలు వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతాయి కాబట్టి వీలైతే ఒక ఏడాది, కనీసం ఒక తడి కాలం, ఒక పొడి కాలం చూడటం మంచిది. 5 మిల్లీమీటర్లు దాటిన పగులును, తలుపులు బిగుసుకుపోతున్న చోటునూ ఇంజనీర్‌కు చూపించడంలో ఆలస్యం వద్దు.

పాత రంగుల్లో సీసం, పాత సిమెంట్ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. రంగును పొడిగా గీకడం, రేకులను పగలగొట్టడం రెండూ ప్రమాదమే, పిల్లలున్న ఇంట్లో మరీ. పరీక్ష చేయించాకే వాటిని ముట్టుకోవాలి. వైరింగ్, ఇనుప నీటి గొట్టాలు ఎలాగూ పూర్తిగా మార్చక తప్పదు, వాటిని ముక్కలుగా మిగుల్చుకోవద్దు.

ఇక ఆర్కిటెక్ట్‌తో ఒప్పందం. ఖర్చులో ఇంత శాతం అనే ఫీజు కొత్త ఇంటికి సరిపోతుంది, పాత ఇంటికి నా మనసు ఒప్పుకోదు. అనుకోని పని బయటపడి ఖర్చు పెరిగిన ప్రతిసారీ ఫీజు కూడా పెరుగుతుంటే, ఎంత నిజాయితీ గల ఆర్కిటెక్ట్ మీదైనా యజమానికి అనుమానం పుడుతుంది. ఆ అనుమానం పుట్టాక సైట్‌లో ఏ మాటా సూటిగా సాగదు. పరిశీలనకు ఒక నిర్ణీత మొత్తం, డ్రాయింగులకు మరొకటి, పర్యవేక్షణకు ఎన్నిసార్లు సైట్‌కు వస్తే అన్నిసార్లకు లెక్క అని విడగొట్టుకుంటే ఇరువురికీ మనశ్శాంతి. కొత్త ఇంట్లో డ్రాయింగులు చక్కగా ఉంటే పర్యవేక్షణ కొంత తగ్గినా నడుస్తుంది. పాత ఇంట్లో మాత్రం గోడ విప్పిన రోజే నిర్ణయం కావాలి, ఆ రోజు ఆర్కిటెక్ట్ రాకపోతే నిర్ణయం పనివాడిది అవుతుంది. అందుచేత నేనైతే ఆకర్షణీయమైన బొమ్మలకు తగ్గించి పర్యవేక్షణకు ఎక్కువ ఇస్తాను.

బయటపడిన పనులు తన పరిధిలోకి రావని మీ ఆర్కిటెక్ట్ అనడం ఒప్పందం మాటల ప్రకారం నిజమే కావచ్చు. గోడలో ఏముందో ఆయన కల్పించలేదు, తెలుసుకోవడానికి ఆయనకు అవకాశమూ దొరకలేదు. కానీ బయటపడిన తరువాత డ్రాయింగ్ మార్చి ఇవ్వడం ఆయన పనే, దానికి అదనపు ఫీజు అడిగితే అది అన్యాయం కాదు. ఈ ఒక్క మాట మీ ఇద్దరి మధ్య స్పష్టమైతే సగం పేచీ తీరుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి, కష్టంగా తీసుకోవద్దు: సైట్‌లో ఆర్కిటెక్ట్ లేనప్పుడు యజమాని మేస్త్రీతో ఆ కిటికీ కొంచెం జరపమని చెప్పడం నేను ప్రతి ఇంట్లో చూశాను. జరిపిన కిటికీ కింది కరెంటు గొట్టానికో, పై దూలానికో అడ్డం వస్తుంది, చివరికి బాధ్యత ఎవరిదో తేలదు. మీ కోరిక ఏదైనా ఆర్కిటెక్ట్‌కే చెప్పండి, ఆయన మాట ద్వారానే పనివాళ్లకు చేరనివ్వండి. ప్రతి మార్పుకూ ఏమిటి, ఎందుకు, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అనే నాలుగు విషయాలు రాసి, పని మొదలుకాక ముందే మీరు, ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్ ముగ్గురూ సంతకం పెట్టండి. ఫోన్‌లో పంపుకున్న సందేశమైనా సరే, ముందు ఉండాలి. పని అయ్యాక రాసిన కాగితం లెక్కకు పనికొస్తుందే తప్ప తగవును ఆపదు.

కాంట్రాక్టర్ మొత్తానికి ఒకే ధర చెప్పాడంటే రెండిట్లో ఒకటి: తెలియని పనుల భయంతో ధర పెంచి చెప్పాడు, లేదా తగ్గించి చెప్పి తరువాత అదనపు బిల్లులు వేయాలనుకున్నాడు. పని పరిమాణాల పట్టిక తయారుచేయించి, ఒక్కొక్క పనికి చదరపు మీటరుకో, మీటరుకో ధర పెట్టించుకొని, జరిగినంత కొలిచి చెల్లించడమే పాత ఇంటికి తగిన పద్ధతి. దాని పైన మొత్తంలో 20 శాతం అనుకోని పనుల కోసం పక్కన పెట్టుకోవాలని నా అనుభవం చెబుతుంది. ఆ డబ్బును ఖరీదైన టైల్స్ కోసం ముందే వాడేయడం వల్లనే చాలా ఇళ్లలో చివరి నెలలు బాధాకరంగా గడుస్తాయి.

మేస్త్రీతోనే చేయించుకోవచ్చా అన్న ప్రశ్నకు: పెంకులు సర్దడం, దూలం కొస అతకడం, పూత, నేల వంటి పనులకు పని తెలిసిన మేస్త్రీ, వడ్రంగి చాలు, అక్కడ వారి చేతికున్న జ్ఞానం ఏ డ్రాయింగ్‌లోనూ ఉండదు. గోడ తీయడం, మెట్లు మార్చడం, స్నానాల గది పై అంతస్తుకు చేర్చడం ఉన్నప్పుడు మాత్రం మేస్త్రీ ఒక్కడి మీద భారం వేయడం అతనికీ అన్యాయమే. మీ ప్లానులో గోడ తీయడం ఉంది కాబట్టి మీకు ఆర్కిటెక్ట్, ఇంజనీర్, మేస్త్రీ ముగ్గురూ కావాలి.

ఈ వారంలోనే ఆర్కిటెక్ట్‌ను, ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను కలిపి ఇంటికి పిలవండి. ఆ మధ్య గోడ మొదట్లో పునాది కనబడేలా ఒక గుంత, పుచ్చిన దూలాల దగ్గర గోడలో రెండు చోట్ల విప్పుడు, మిద్దె మీద ఒక చోట పొరల గుంత తీయించి, వారిద్దరితో పాటు మీరూ నిలబడి చూసి, ఫొటోలతో రాతపూర్వకంగా నివేదిక ఇవ్వమని వారిని అడగండి. అది వచ్చాక పాత ప్లానులో ఏది నిలుస్తుందో, ఏది మారాలో ఆర్కిటెక్టే చెబుతారు. చెప్పడానికి ఇష్టపడకపోతే అప్పుడు మార్చే సంగతి ఆలోచించవచ్చు. ఈలోగా పుచ్చిన దూలాల కింద జాకీలు నిలిపించడం మరిచిపోవద్దు. తీయదలచిన గోడ పొడవు, మందం, దాని మీద పై అంతస్తులో గోడ ఉందా లేదా అనేవి కొలిచి రాస్తే ఇంజనీర్‌ను అడగవలసిన ప్రశ్నలు విడిగా రాసి పెడతాను.